గుడ్డిమృగం గురించి నిజం

తమ్ముడూ,

మన ఆఫీసులో తయారుచేస్తున్న కంప్యూటర్ ఆటలో కొత్త శత్రువుగా నువ్వు గీసిన గుడ్డిమృగాన్నే తీసుకుంటున్నారు. పోయిన వారం బాసు నన్ను దానితో ఆడి చూడమన్నాడు. "దీనికి చంటిపిల్లలు కూడా భయపడరు" అని రాసిచ్చాను. అది అబద్ధం. ఆటలో నేను మట్టి తవ్విన చప్పుడు విని, అది వచ్చి నేను కట్టుకున్న ఇంటి గోడ గీరింది. కెవ్వుమని కుర్చీలోంచి లేచాను. నేను గీసిన ఆరు కొమ్ముల మృగాన్ని చూసి ఎవరూ అలా అరవలేదు. నీకు పెన్సిలు పట్టడం నేర్పింది నేనే కదా, కడుపు మండిపోయింది.

ఇవాళ బాసుకి నిజం చెప్పేశాను.

"మీ తమ్ముడికి ఇదంతా ఎందుకులెండి" అన్నాడు.

"తెలియాలి, నేనే రాస్తాను" అన్నాను.

నాలుగు రోజులు నా బల్ల దగ్గరికి రాకు. నిన్ను మెచ్చుకోవాలనే ఉంది, ఇంకా నోరు పెగలడం లేదు.

అక్క