హస్తవాసి

అక్కా,

నీ వార్డుకీ నా ల్యాబుకీ మధ్య రెండంతస్తుల మెట్లే. అయినా ఎదురుగా చెప్పలేక రాస్తున్నాను.

నాన్న మోకాలి ఆపరేషన్ బాగానే జరిగింది. నాలుగోరోజు కుట్ల దగ్గర చీము పట్టింది. పన్నెండోరోజుకి ఆయన లేరు. ఆ చీములోని బ్యాక్టీరియాని పళ్ళెంలో పెంచింది నేనే. దానిమీద పదకొండు మందుల బిళ్ళలు పెట్టాను. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఖాళీ ఏర్పడాలి. ఒక్కదాని చుట్టూ కూడా ఏర్పడలేదు.

తర్వాత మీ వార్డువాళ్ళందరి చేతులనుంచీ నమూనాలు తీశాం. అదే క్రిమి ఒక్కరి చేతిమీద దొరికింది. నీ చేతిమీద.

“మా పెద్దదాని హస్తవాసి మంచిది, కట్టు అదే మార్చాలి” అని నాన్న పంతం పట్టడం, “మరి మా సంగతేంటండీ?” అని పక్కమంచం ఆయన అడిగితే “లైన్లో ఉండండి” అనడం గుర్తొచ్చాయి.

ఆ ఫలితం కాగితం తొమ్మిది రోజులుగా నా సొరుగులోనే ఉంది. చించేద్దామనుకుంటున్నాను. నాన్న ఎలాగూ తిరిగిరారు. నిన్ను కూడా పోగొట్టుకోలేను.

నీ చెల్లి

* * *

చెల్లీ,

నీ ఉత్తరం మందుల గదిలో నిలబడి రెండుసార్లు చదివాను. నా చేతి సంగతి ఆ గంటలోనే పెద్ద డాక్టరుకి చెప్పి, రోగుల్ని ముట్టుకునే పని మానేశాను.

మీ ల్యాబతను నమూనా తీసినప్పుడు నేను అప్పుడే చేతులు కడుక్కుని వచ్చాను. సబ్బుతో, మోచేతులదాకా. కడిగిన చేతిమీదికి క్రిమి ఎలా వచ్చింది? అనుమానమొచ్చి మేం కడుక్కునే వార్డు సింకు వాడొద్దని మూయించి, దాని నీళ్ళు పోయే గొట్టంలోంచి నమూనా తీయించాను. మూడోరోజుకి ఫలితం వచ్చింది. అదే క్రిమి. పంపు ధార నేరుగా ఆ గొట్టం మూతి జాలీమీద పడి, ఆ తుంపర్లు మా చేతులమీదికి లేచేవి.

నాన్న కట్టు మార్చేముందు నేను కడుక్కున్నదీ అక్కడే. ఆ బాధ నాది, నేనే పడతాను.

కానీ నువ్వు కాగితం దాచిన తొమ్మిది రోజులూ మేమంతా అక్కడే కడుక్కున్నాం. ఇంకో ఇద్దరికి అంటుకుంది. తుంటి విరిగిన టైలరుగారు గట్టెక్కేలా ఉన్నారు. ఏడో మంచం పంతులమ్మ ఇవాళ పొద్దున పోయింది. “అమ్మకిది ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?” అని కూతురు అడిగింది. ఆమెను నాలుగింటికి పెద్ద డాక్టరు గదికి రమ్మన్నాను.

ఫలితం ఎవరు దాచారని పెద్ద డాక్టరు అడిగారు. “తనే వచ్చి చెప్తుంది” అన్నాను.

నాలుగింటికి రా. రాకపోతే నీకోసం అబద్ధం ఆడను. వస్తే నీ పక్కనే నిలబడతాను.

అక్క