నోరు జారిన సాయంత్రం

లోవర్ హట్,
9 మార్చి 2025.

చి.సౌ. శరణ్యకు, నీ అక్క వేదవతి దీవెనలతో రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం. టకానినిలో మీరూ, మీ కొత్త ఇల్లూ కుశలమని తలుస్తాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావేమో. నవ్వకు. భయపడి రాస్తున్నాను.

జనవరిలో మీ గృహప్రవేశం సాయంత్రం గుర్తుందిగా. మా అక్క ఇంకా అద్దె ఫ్లాట్‌లోనే సెటిల్ అయిపోయిందండీ అని పదిమందిలో వేళాకోళం చేశావు. నాకు ఒళ్ళు మండింది. నువ్వు దేవుడి దగ్గర దీపం పెడుతుండగానే, ఇక జన్మలో నీ గొంతు వినను అనేశాను. మంగతాయారు ఆంటీ నొచ్చుకుని, దీపాలవేళ అలాంటి మాటలు అనకూడదమ్మా, తథాస్తు దేవతలు తిరుగుతుంటారు అన్నారు. నేనేమో, ఈ దేశంలో జనవరంటే ఎండాకాలం, తొమ్మిదింటికి గానీ పొద్దు గూకదు, వాళ్ళింకా బయల్దేరి ఉండరులెండి ఆంటీ అని నవ్వేశాను.

మర్నాటి నుంచి నీ గొంతు నాకు వినపడటం లేదు.

ఒట్టు. వీడియో కాల్‌లో నీ పెదాలు కదులుతాయి. నీ వెనక కుక్కర్ విజిల్ వినపడుతుంది, చెయ్యి ఊపితే గాజులు కూడా. మాట మాత్రం రాదు. నా పక్కనే కూర్చుని మా కీర్తన వాళ్ళ పిన్ని జోకులకు పడీపడీ నవ్వుతుంది. డాక్టరేమో నా చెవులు భేషుగ్గా ఉన్నాయన్నాడు. నీ పెళ్ళి వీడియో పెట్టి చూశాను. మేళం ఉంది, అందరి మాటలూ ఉన్నాయి. నువ్వు నన్ను అక్కా అని పిలిచే చోట ఏమీ లేదు. అప్పటి నుంచి నీ ఫోన్లు ఎత్తడం మానేశాను. కోపం కాదే, భయం.

మొన్న కీర్తన నోరు జారడం అంటే ఏమిటని అడిగింది. మనసును అడక్కుండా నోరు అనేసే మాట అని చెప్పాను. అంటే యాక్సిడెంటా మమ్మీ అంది. అవునన్నాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని అమ్మ ఊరికే అనేది కాదు. నన్ను క్షమించు. నీ గొంతు వినాలని ప్రాణం కొట్టుకుంటోంది.

నీ అక్క,
వేదవతి

తా.క. కీర్తనకు అబద్ధం చెప్పాను, నీకూ చెప్పాను. ఆ రోజు నా నోరు జారలేదు. ఇల్లు కొన్నామని నువ్వు చెప్పిన రోజు నుంచి, వెల్లింగ్టన్ వెళ్ళే రైల్లో రోజూ ఆ మాటే లోలోపల అనుకుంటూ వచ్చాను. నీ వేళాకోళం ఒక సాకు. జారిన మాటైతే దేవతలు కూడా వదిలేసేవారేమో. ఇది కూడా అంత ఆలోచించే అంటున్నాను, ఒక్కసారి రా శరణ్యా. బయట నిలబడి పిలవకు, నాకు వినపడదు. తలుపు తీసే ఉంచుతాను.