పట్టుకున్నవాడికే బండి

బజారు మలుపులో కళ్లద్దాల షాపు నడుపుకుంటూ, నలుగురి చూపూ సరిచేస్తూ బతికిన నేను, వచ్చే వారం గుండె ఆపరేషన్ ఉన్నందున, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకున్న వీలునామా ఏమనగా:

డాక్టరుగారు "మామూలు సర్వీసింగేనండీ" అన్నారు. సర్వీసింగుకిచ్చిన బండ్లు ఎలా తిరిగొస్తాయో తెలిసినవాణ్ని కనుకనే ఈ కాగితం పెట్టుకున్నాను. ఎక్కడికీ పోని మోటార్‌సైకిలుకు ఏటా కొత్త ఆయిల్ పోసే మనిషి "పూర్తి తెలివితో" అని ఎలా రాసుకుంటాడని నా భార్య మొదటి వాక్యం దగ్గరే అభ్యంతరం చెప్పింది. సదరు అభ్యంతరాన్ని నమోదు చేసుకుని, కొట్టేస్తున్నాను.

1. ఇల్లు, బ్యాంకులో ఉన్నది, నా స్వార్జితంలో తక్కినదంతా నా తదనంతరం నా భార్యకు సర్వహక్కులతో చెందవలెను. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే. ఇంట్లో ఇన్నాళ్లూ అమలు జరిగినవన్నీ ఆమె మాటలే కాబట్టి కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేదు. పిండి కలిపే స్టీలు బేసిన్‌ను అడక్కుండా తీసుకెళ్లి అందులోకి పాత ఆయిల్ దింపిన మాట నిజం. ఎంత తోమినా వాసన పోని మాటా నిజం. కొత్త బేసిన్ కొని అటక మీద ఉంచాను. పాతది ఎట్టి పరిస్థితుల్లోనూ వంటింటి గడప తొక్కరాదు.

2. షాపు మా అమ్మాయికి. దాంతోపాటు నా టార్క్ రెంచి కూడా. బోల్టు ఎంత బిగించాలో ముందే దాని మీద తిప్పి పెట్టుకుంటే, అంత బిగువు రాగానే టిక్కుమంటుంది. టిక్కుమన్నాక ఆపాలి. ఈ పనిముట్టు మా ఇంటికి కాస్త ఆలస్యంగా వచ్చింది. ఎందుకో నాలుగో అంశంలో ఉంది.

3. గోడ అవతల ఉండే రిటైర్డ్ ఇంజనీరుగారికి ఆయిల్ పోసే గరాటు. నేను బండి కిందికి వంగిన ప్రతిసారీ ఆయన గోడ మీదుగా తల పెట్టి "ఆ ఆయిల్ కాదండీ" అంటారు. ఏ ఆయిలో మాత్రం ఇంతవరకు చెప్పలేదు. ఇకమీదట ఆ సలహాలు పోసుకోవడానికి నా చెవులుండవు గనుక గరాటు ఇస్తున్నాను.

4. దూరప్రయాణాల పెద్ద బండి, రెండు పక్కల సామాను పెట్టెలతో సహా, నా భార్య తమ్ముడికి, అనగా జాగ్రఫీ మాస్టారికి. ఈ అంశం చదివే ముందు నా భార్యను కూర్చోబెట్టండి.

నాకూ అతనికీ ఏళ్ల తరబడి మాటల్లేవు. కొండదారి ప్రయాణానికి ముందు ఆయిల్ మార్చి, ఆయిల్ దింపే కింది బోల్టు అతన్ని బిగించమన్నాను. అతను మర అరిగిపోయేదాకా బిగించాడు. సగం దారిలో ఆయిలంతా రోడ్డు తాగేసింది. ఉల్లిపాయల లారీలో, బస్తాల మధ్య, బండితో సహా ఇల్లు చేరాం. బిగించమన్నది నువ్వేనని అతను, విరగ్గొట్టమనలేదని నేను. ఆ రోజుతో సరి. తప్పు అతనిదే. ఆపరేషన్ బల్ల మీద అడిగినా ఇదే చెబుతాను.

అయినా ఆయిల్ మార్చే ఆదివారం మాత్రం ఏటా వస్తాడు. మా బండికి మధ్య స్టాండు లేదు. ఆయిల్ మట్టం చూడాలంటే ఒకరు బండిని నిటారుగా పట్టుకోవాలి, ఇంకొకరు నేల మీద కూర్చుని ఇంజన్ పక్కనున్న చిన్న గాజుబిళ్లలోకి చూడాలి. చూసేది నేను, పట్టుకునేది అతను. "ఇంకాస్త నిలబెట్టమని చెప్పు" అని నేను నా భార్యతో అంటాను. "ఇంకాస్తయితే అటు పడుద్దని చెప్పక్కా" అని అతనంటాడు. ఎంత బరువైనా ఒక్కసారీ వదల్లేదు. వదిలితే బండి నా మీదే పడేది.

ఎదురుగా అనలేక ఇక్కడ రాస్తున్నాను. వాడంటే నాకు ప్రాణం. వాడు వెనక కూర్చుని తప్పుదారులు చెప్పకపోతే నాకు ప్రయాణమే వద్దు. అందుకే బండి కదల్లేదు.

షరతు: ఆయిల్ ఇంట్లోనే మార్చాలి. ఇకనుంచి చూసేది వాడు. పట్టుకునేది వాళ్లక్కా, మేనకోడలూ.

5. వాడికి దగ్గరి చూపు ఆనదు, ఒప్పుకోడు. పిల్లల జవాబు పేపర్లు చెయ్యి చాపి, దూరంగా పెట్టి దిద్దుతాడు. ఆ చెయ్యి ఎంత చాపుతున్నాడో చూసి పవర్ అంచనా వేసి, కళ్లద్దాలు చేసి బండి కుడి పెట్టెలో ఉంచాను. గాజుబిళ్ల ముందు కూర్చున్నప్పుడు పెట్టుకోవలెను.

తరువాత చేర్చినది: ఆస్తి పొందేవాడు సాక్షి సంతకం పెడితే అతనికి రావలసింది రాదని లాయరు చెప్పాడు. మొదటి వాక్యం దాటి చదవని నా భార్య, ఇందాక బండి పట్టుకుని నిలబడ్డ తమ్ముణ్నే సాక్షిగా పిలిచింది. ఏముందని అడిగితే నాతో మాట్లాడినట్టవుతుందని, వాడు అడక్కుండానే బండి సీటు మీద కాగితం పెట్టుకుని సంతకం మొదలెట్టాడు. "ఆగరా! అది పెడితే బండి రాదు నీకు!" అని నా నోట్లోంచి వచ్చేసింది.

వాడు ఆగాడు. చెయ్యి చాపి, దూరంగా పెట్టి, మొత్తం చదివాడు. కళ్లు తుడుచుకుని, "బిగించమన్నది మాత్రం నువ్వే బావా" అన్నాడు. తరువాత కుడి పెట్టె తెరిచి, కళ్లద్దాలు పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు. వాళ్లక్కా మా అమ్మాయీ బండి పట్టుకున్నారు. నేను సరిపోయిందని తేల్చిన ఆయిల్ తక్కువుందట. ఇన్నేళ్లూ తక్కువే పోశానట. ఇది నేను ఒప్పుకోను.

నాకు నయమయ్యాక, కొండదారికి బయల్దేరే ముందు మళ్లీ చూస్తానన్నాడు. కావున ఈ వీలునామా అమలు కావడం నాకు ప్రస్తుతం ఇష్టం లేదు.

తేదీ: ఆపరేషన్‌కు ముందటి ఆదివారం, ఆయిల్ మార్చిన రోజు

(సంతకం) కళ్లద్దాల షాపు యజమాని

సాక్షులు:
1. జాగ్రఫీ మాస్టారు (సగం సంతకం, కొట్టివేయడమైనది). బదులుగా గోడ అవతలి ఇంజనీరు, గరాటు వదులుకుని.
2. బోల్టులమ్మే స్పేర్ పార్ట్స్ షాపాయన, ఏమీ పొందనివాడు.