స్ప్రూస్ చెట్టుకు తగిలించిన కోటు

షుమావా కొండ,
జూలై పదకొండు.

ప్రియమైన క్వేతా,

ఇక్కడ నేనూ, కోళ్లూ, నీ పిల్లీ కులాసా. త్రెబోన్‌లో బురద స్నానాలతో నీ మోకాళ్లు కాస్త సర్దుకున్నాయని తెలిసి మనసు తేలికపడింది. నీ ఉత్తరంలో ప్రశ్నలు మూడు. పిల్లి నాకంటే శ్రద్ధగా తింటోంది. సూప్‌లో ఎండు పుట్టగొడుగులు వేస్తున్నాను, నువ్వు దాచిన సీసా కూడా దొరికింది. ఇక మూడోది, ఎదురింటి మాతౌష్ మీద నువ్వు రాసిన ఫిర్యాదు అటవీ కార్యాలయంలో ఇచ్చానా అన్నది. దానికి జవాబు కొంచెం చుట్టూ తిరిగి వస్తుంది. నా సంగతి నీకు తెలియనిదా.

వారంగా వాన లేదు. మధ్యాహ్నమైతే కొండంతా జిగురు వాసనలో తేలుతోంది. వంటింటి కిటికీ దగ్గర కూర్చుంటే కునుకు పడుతుంది. ఆ కునుకులో మీ నాన్నగారు నాటిన ఇరవయ్యారు స్ప్రూస్ చెట్లూ పచ్చగా ఊగుతూనే ఉంటాయి. కళ్లు తెరిస్తే పదిహేనే. నువ్వు వెళ్లేనాటికి పురుగు పట్టి ఏడు ఎర్రబడ్డాయి కదా, తరువాత ఇంకో నాలుగు. అన్నీ కొట్టేశాను.

ఆ బెరడు పురుగు గురించి నేను చదివినంత మన ఊళ్లో ఎవరూ చదవలేదు. చదవమని నాకూ ఎవరూ చెప్పలేదనుకో. గోధుమ గింజ కంటే చిన్నది. ముందు మగది ఒంటరిగా వస్తుంది. బెరడు తొలిచి ఓ గది చేసుకుని, చెట్టు జిగురునే కడుపులో పరిమళంగా మార్చి గాలిలోకి వదులుతుంది, ఇక్కడ చోటుంది రమ్మని. వేలకు వేలు వస్తాయి. చెట్టు జిగురు కార్చి కొన్నిటిని ముంచుతుంది, అన్నిటినీ ముంచలేదు. ఇల్లు నిండాక అవే మరో వాసన వదులుతాయి, చాలు, పక్క చెట్టుకు వెళ్లమని. ఇంత మర్యాద నీ తమ్ముడి పెళ్లిలో బ్యాండువాళ్లకు కూడా లేదు, మూడో రోజు దాకా కదల్లేదు. ఒక్కోసారి ఆరుబయట నిలబడితే, మనకు కనపడని దారులు గాలినిండా ఉన్నాయనీ, వాటి మీద ఎవరో ఎవరినో పిలుస్తూనే ఉన్నారనీ అనిపిస్తుంది.

ఆ మొదటి వాసననే మనుషులు పొట్లాల్లో కట్టారు. నల్ల పెట్టెలో వేలాడదీస్తే పురుగులు వచ్చి పడతాయి. నియమం ఒక్కటే, బతికున్న స్ప్రూస్‌కు ఇరవై అంగల దూరంలో ఉండాలి. బీరుశాలలో ఊరందరికీ ఈ పాఠం చెప్పినవాణ్ని నేనే.

సోమవారం మాతౌష్ పిలవకుండానే వచ్చాడు. లోపల పురుగు మిగలకుండా, కొట్టిన చెట్ల బెరడు మధ్యాహ్నం దాకా నాతోపాటు ఒలిచాడు. తరువాత దుంగ మీద కూర్చుని, నా వైపు చూడకుండా అన్నాడు.

"మా దుంగల బెరడు రెండు రోజులు ఆలస్యంగా తీశాను ప్రోకోపూ. నడుం పట్టేసింది. పురుగులు అక్కడి నుంచే వచ్చుంటాయి. వదినకు నేనే చెప్పుకుంటాలే. వాళ్ల నాన్న చెట్లాయె."

క్వేతా, అవి అక్కడి నుంచి రాలేదు.

మే నెలలో ఫ్రిజ్‌లో వెన్నకు వాసన పడుతోందని ఆ పొట్లాలు తీసెయ్యమన్నావు. ఒకదాన్ని కోటు జేబులో వేసుకున్నాను. కంచె బాగుచేస్తుంటే ఉక్కపోసింది. కోటు విప్పి, మీ నాన్నగారి వరసలో చివరి చెట్టుకు తగిలించి, మరిచిపోయాను. నాలుగు రోజులు. సరిగ్గా ఆ పురుగులు ఎగిరే రోజులు. వెళ్లి చూస్తే కోటు కదులుతోంది. జేబులో పొట్లం చిరిగి ఉంది. చెట్టు మొదట్లో కాఫీ పొడిలాంటి పొట్టు. కోటు దులిపి ఇంటికి తెచ్చాను గాని, పిలుపు అప్పటికే చెట్టు లోపలి నుంచి వస్తోంది. నెల తరువాత ఆకులు ఎర్రబడ్డప్పుడు నువ్వు మాతౌష్ దుంగలకేసి చూసి, అక్కడి నుంచే అన్నావు. నేను అవునన్నాను. ఆ ఒక్క మాట అనడం ఎంత సులువుగా ఉందో.

సోమవారం మాతౌష్‌కు ఇదంతా చెప్పేశాను. చాలాసేపు బెరడు ఒలుస్తూనే ఉన్నాడు.

"ఏ కోటు? కొమ్ము బొత్తాలదేనా?"

అదేనన్నాను.

"నెల రోజులుగా నాకు నిద్దర లేదు. ఆ రెండు రోజులే తలుచుకుంటూ పడుకుంటున్నా. ఎదురింట్లోనే ఉన్నావు గదయ్యా."

చివరి దుంగ దాకా ఒలిచి, నేను తెచ్చిన బీరు ముట్టకుండా వెళ్లిపోయాడు. ముప్ఫయ్యేళ్లలో ఇది మొదటిసారి. అప్పటి నుంచి రాలేదు.

మిగిలిన పదిహేనింటినీ రోజూ పొద్దున్నే మొదలు తడిమి చూస్తున్నాను. ఇప్పటికి పొట్టు లేదు.

ఫిర్యాదు నేను ఇవ్వలేదు. నీ చేతిరాత కాబట్టి చింపనూ లేదు. ఈ కవరులోనే పెడుతున్నాను. మీ నాన్నగారి చెట్ల తరఫున ఇవ్వాల్సిందే అనిపిస్తే ఇవ్వు. దుంగల గురించి రాసిన వాక్యం కొట్టేసి, మాతౌష్ పేరున్న రెండుచోట్లా నా పేరు రాయి. నీ సంతకం కింద సాక్షి సంతకం నేను పెట్టేశాను.

ఇట్లు,
నీ జవాబు కోసం చూసే
నీ భర్త ప్రోకోప్