ఆది జాకెట్టు

పటమట,
ఆదివారం.

అమ్మకు,

నేను బాగున్నాను. నువ్వూ నాన్నా కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చదివి స్థిమితపడ్డాను. ఉయ్యూరు బస్సులో పంపిన జాకెట్లు, కందిపొడి అందాయి. గదిలో నాతో ఉండే వినీల అప్పుడే సగం సీసా ఖాళీ చేసింది. "ఆంటీకి థ్యాంక్స్ చెప్పవే" అంది. చెప్పాను. నాన్న చెరుకు కొట్టించడం అయిందా?

జాకెట్లు సరిపోయాయా అని అడిగావు. లేదమ్మా. చేతులు బిగుతు. బరువు పెరిగానని వినీల నీకు ఫోన్లో చెప్పిందట కదా. "ఒళ్ళు చేశావు, రాత్రిపూట అన్నం మానెయ్" అని రాశావు. మానలేదు. ఎందుకంటే అవే జాకెట్లు కింద, పట్టీ దగ్గర వదులయ్యాయి. ఒళ్ళు చేస్తే అలా అవుతుందా?

ఫోన్లో చెప్పబోతే నోరు రాలేదు. ఇక్కడ చెబుతాను.

వేసవిలో ఆఫీసులో అందరికీ పరీక్షలు చేశారు. నా ఎత్తుకు తగ్గ బరువే ఉన్నాను. "మా పిల్లకి ఎంత తిన్నా ఒంటబట్టదు" అని నువ్వు మురిసే బరువే. కానీ షుగరు అంచు మీద ఉంది. షుగరుతో అవస్థపడ్డ అమ్మమ్మే గుర్తొచ్చింది. "బరువు సరిగ్గానే ఉందమ్మా. అందులో కొవ్వెంతో, కండెంతో కాటా చెప్పదుగా. మీకు కండ బాగా తక్కువ" అన్నారు డాక్టరుగారు. చాలా భయపడ్డాను. నువ్వు నాకంటే ఎక్కువ భయపడతావని చెప్పలేదు.

అప్పటినుంచి ఆఫీసయ్యాక జిమ్ముకు వెళ్తున్నాను. బరువులెత్తుతున్నాను. మొదటిరోజు గుమ్మంలోనే నిలబడిపోతే, అక్కడ నేర్పే నాగదుర్గగారు నా సంచీ అందుకుని, "ఏంటండీ ఇందులో, ఇటుకలా?" అన్నారు.

"లైబ్రరీ పుస్తకాలండీ."

"ఇంత మోసుకొచ్చిన మనిషి ఆ బరువులు మొయ్యలేరా? రండి రండి" అని లోపలికి లాక్కుపోయారు.

మొన్న మళ్ళీ పరీక్ష చేయించుకున్నాను. షుగరు మామూలుకొచ్చింది. పెరిగిన బరువంతా కండేనట. నీ కందిపొడి ఇన్నాళ్ళకి ఒంటబట్టిందమ్మా.

"ఆడపిల్లకి ఆ చేతులేంటే" అంటావేమో. నాకు నచ్చాయి.

నువ్వు ఇప్పటికీ నా ఇంటర్ నాటి ఆది జాకెట్టు ముందు పెట్టుకునే కత్తిరిస్తున్నావు. దాన్నిక తీసెయ్యి. వచ్చే ఆదివారం ఇంటికొస్తాను, టేపు పెట్టి నువ్వే కొలువు. చేతుల దగ్గర మాత్రం కుట్టు లోపల కాస్త ఎక్కువ గుడ్డ వదులు. ఇంకా పెరగాలనుంది.

ఇట్లు,
నీ కూతురు
భానుశ్రీ