గాజు పళ్లెంలో కాలేయం

అక్కా, ఎముకలోని మూలుగ కాలేయమవుతుందంటే నమ్ముతావా? ఇక్కడ దక్షిణాఫ్రికాలో, మన వెరులంలో కొత్తగా చేరిన హైదరాబాదు డాక్టరు ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పాడు. ప్రయోగశాలలో మూలుగ కణాలను కాలేయ కణాలుగా మారుస్తున్నారట. పక్కటెముకతో స్త్రీని చేసిన దేవునికి ఇదొక లెక్కా అని కేకేశాను. నిన్ను తీసుకుపోయిన కాలేయ జబ్బే ఇప్పుడు నీ కూతురు రూతుకు వచ్చింది.

"డాక్టర్, నా బోన్ తీసుకో, ఇప్పుడే."

"అయ్యగారూ, అదింకా గాజు పళ్లెంలోనే ఉందండీ. మనుషులదాకా రావడానికి ఏళ్లు పడుతుంది."

అప్పట్లో తెల్లవాళ్లకే అంటూ నీకు తలుపు తీయని పెద్దాసుపత్రి, మనకూ ఓటొచ్చాక రూతుకు తీసింది. ఆమె మంచం పక్కన నిలబడి బైబిలులో ఎండిన ఎముకలు ప్రాణంతో లేచిన సంగతి గట్టిగా బోధించాను. రూతు పచ్చబడిన కళ్లు తెరిచింది.

"మావా, ప్రీచింగ్ చాలు. నర్స్ తిడ్తాది. నీల్లియ్యి."

గ్లాసు పట్టుకోవడం తప్ప నా చేతులకు పని దొరకలేదు.

చనిపోయినవారిని వేడుకోకూడదని ఇన్నేళ్లూ బల్ల గుద్ది చెప్పినవాణ్ణి నేనే. అయినా అడుగుతున్నాను. నువ్వు ప్రభువు పాదాల దగ్గరే ఉన్నావు. లే అక్కా, ఆయన అంగీ పట్టుకుని నీ బిడ్డ ప్రాణం అడుగు. రేపు కాదు, ఇవాళే అడుగు.