కేశవ్ కీబోర్డులో అమ్మ గొంతు

9 జనవరి 1994, ఆదివారం

కేశవ్‌ని చూశాను. నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఆ చేత్తోనే ఇది రాస్తున్నాను.

ఫ్యాన్స్ అసోసియేషన్ వాళ్ళని కోడంబాక్కంలో తన స్టూడియోకి పిలిచాడు. నన్నూ నా స్నేహితురాలు జననినీ ఒంటరిగా పంపడానికి అమ్మ ఒప్పుకోలేదు. ఉదయం పూజకు చర్చికి కట్టుకెళ్ళిన చీరతోనే మాతో పెరంబూరులో రైలెక్కింది. కేశవ్ ఎవరో ఆమెకు తెలియదు. చింతాద్రిపేట తెలుగువాళ్ళ అబ్బాయి, వయొలినూ తబలా ఏమీ లేకుండా కీబోర్డుల మీదే పాటంతా చేస్తాడు, మెడ్రాస్ అంతా ఆయన క్యాసెట్లే అని దారిలో చెప్పాను. అన్నీ మిషనే చేస్తే ఆయనేం చేస్తాడని అడిగింది. జనని మొహం ముడుచుకుంది.

లోపల ఏసీ చలి. నేలంతా వైర్లు. ఆయన చెప్పులు లేకుండా కూర్చుని, ఒక్కొక్కరినీ పేరు అడిగాడు. ఎవరైనా పాడతారా అంటే అందరూ వెనక్కి జరిగారు. మా అమ్మ చర్చి కాయర్‌లో పాడుతుందని నేనే చెప్పాను. అమ్మ నా మోచెయ్యి గిల్లింది.

మైకు ముందు నిలబెట్టి పేరు చెప్పమన్నాడు. లూర్దుమేరి, అంది. స్కూల్లో ఆయా పని అని చెప్పి నవ్వింది. తర్వాత మాత పాట ఎత్తుకుంది. చరణం పూర్తికాకుండానే ఆయన చెయ్యెత్తాడు.

"మాటలు వద్దమ్మా. కడాన ‘ఆ’ అని లాగినారే, అది మాత్రం ఇంకో తూరి ఇయ్యండి."

ఇచ్చింది. ఆయన ఒక కీ నొక్కాడు. పెట్టెలోంచి అమ్మ గొంతు వచ్చింది. ఇంకో కీ నొక్కితే అదే గొంతు చిన్నపిల్లలా. ఇంకోటి నొక్కితే మగవాడిలా. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ మాత్రం మెడ తడుముకుంది.

తిరుగు రైల్లో, దాన్ని మళ్ళీ నాకిస్తాడా అని అడిగింది. జనని ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉంది. నేనూ నవ్వాను.

23 అక్టోబరు 1994

కేశవ్ కొత్త సినిమా పాట వచ్చింది. మొదలవడమే అమ్మ గొంతుతో! టీ కొట్లో, ఆటోల్లో, పక్కింటి టీవీలో, ఎక్కడ చూసినా అదే.

క్యాసెట్ అట్ట మీద అందరి పేర్లూ ఉన్నాయి. కేశవ్ డ్రైవరుకు కూడా థాంక్స్ చెప్పారు. అమ్మ పేరు లేదు. ఒక ‘ఆ’కు పేరెందుకే అంది. అయినా కళ్ళజోడు పెట్టుకుని అట్టను రెండువైపులా చూసింది.

6 మార్చి 1995

ఆ గొంతు తనదేనని అమ్మ స్కూల్లో పిల్లలకు చెప్పిందట. హెడ్‌మిస్ట్రెస్ పిలిచి, పిల్లల దగ్గర అబద్ధాలు వద్దని మందలించిందట. అన్నం తినకుండా పడుకుంది.

2 అక్టోబరు 1996

మెడ్రాస్ ఇక చెన్నై అట. ఆఫీసు లెటర్‌హెడ్లన్నీ మళ్ళీ అచ్చు వేయించాలి. అమ్మ గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. మిరియాల కషాయం పనిచెయ్యలేదు.

11 డిసెంబరు 1996

క్యాన్సర్.

20 జనవరి 1997

ఆపరేషన్ అయింది. స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద రంధ్రం పెట్టారు, ఇక ఊపిరి అందులోంచే. మాట ఉండదని డాక్టరు ముందే చెప్పాడు. చెప్పినంత మాత్రాన సిద్ధంగా ఉంటామా?

అమ్మ ఆఖరుసారి ఏం మాట్లాడిందో గుర్తు చేసుకుంటున్నాను. వార్డులోంచి తీసుకెళ్తుంటే, ఫ్లాస్కు మూత సరిగ్గా బిగించమంది. అంతే.

8 ఏప్రిల్ 1997

అమ్మ మాట మా ఇంట్లో ఎక్కడా లేదు. ఎవరమూ రికార్డు చెయ్యలేదు. మామ కూతురి పెళ్ళి వీడియోలో అమ్మ పెదవులు కదులుతాయి, పైన సినిమా పాటలు వేశారు. అందులో ఒకటి ఆ పాటే. దరిద్రం.

కేశవ్ దగ్గర ఉంటుంది. పేరు చెప్పడం, నవ్వడం, చరణం పాడటం, అన్నీ ఉండాలి. అప్పుడు టేపు తిరుగుతూనే ఉంది, నేను చూశాను.

17 జూన్ 1997, సాయంత్రం 6

ఇన్నాళ్ళూ స్టూడియో గేటు దాటనివ్వలేదు. చివరికి అసోసియేషన్ ప్రెసిడెంటు భక్తవత్సలంగారు మాట్లాడితే ఈరోజు లోపలికి పంపారు. కేశవ్ కొంచెం లావయ్యాడు. మర్యాద తగ్గలేదు. కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. అమ్మ సంగతంతా విన్నాడు. చాలా బాధగా ఉందన్నాడు. కానీ టేపులు తుడిచి మళ్ళీ వాడతారట. పనికొచ్చే ముక్క ఉంచుకుని తక్కినది ఎప్పుడో తుడిచేశారట.

తక్కినది అంటే మా అమ్మ పేరు, మా అమ్మ నవ్వు.

పోనీ ఆ ముక్కయినా ఒక క్యాసెట్లో వేసి ఇమ్మన్నాను.

"అది ఇప్పుడు మీ అమ్మ గొంతు కాదమ్మా. దాని మీద నేనెంతో పని చేసినాను. అది నా సౌండు. బయట ఇచ్చేదానికి లేదు."

స్క్రీన్ మీద దాని పేరు చూపించాడు. ఏంజెల్ 4. మిగతా ముగ్గురు ఏంజెల్స్ ఎవరో నేను అడగలేదు. కాఫీ మొత్తం తాగి, థాంక్యూ సార్ అని చెప్పి వచ్చాను. అది తలచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది.

టేపు దొరకలేదని అమ్మకు చెప్పాను. సౌండు ఎవరిదో చెప్పలేదు.

2 ఆగస్టు 1998

భక్తవత్సలంగారు ఇంటికొచ్చారు. అసోసియేషన్‌కు పదేళ్ళు నిండాయట. కేశవ్‌ని మొదటిసారి కలిసిన రోజు గురించి ఫ్యాన్స్ స్టేజి మీద చెప్పాలి. మా బ్యాచ్ నుంచి జనని, నేను. నేను రానన్నాను. లోపల్నుంచి అమ్మ చెంచాతో గ్లాసు మీద కొట్టింది. ఆమె నన్ను పిలిచేది ఇప్పుడు అలాగే. వెళ్ళి చూస్తే, మనమిద్దరం పోదాం అని సైగ చేసింది.

16 ఆగస్టు 1998

ఇప్పుడే వచ్చాం. అమ్మ చీర కూడా మార్చుకోకుండా పడుకుంది.

చింతాద్రిపేటలో కల్యాణ మండపం. స్టేజి మధ్యలో కేశవ్. ఒకాయన కొడుక్కి కేశవ్ పేరు పెట్టుకున్నాడు. ఒకావిడ, జ్వరంగా ఉన్న తన నుదురు ఆయన తాకితే తగ్గిపోయిందని చెప్పింది. యువరాజ్ అనే కాలేజీ కుర్రాడు కేశవ్ తాగి వదిలేసిన సోడా సీసా తెచ్చి అందరికీ చూపించాడు. దానికీ చప్పట్లే.

తర్వాత జనని.

"స్కూలు ఆయా ఒకామె గొంతు, సార్ చెయ్యి తగిలి దేవత గొంతు అయిపొయ్యింది. నేను ఆడనే, పక్కనే నిలబడి ఉండాను."

అమ్మ చేతి ఇడ్లీలు తిని పెరిగిన పిల్ల. ఆ ఆయా పేరు కూడా చెప్పలేదు. మా వైపు చూడకుండా దిగిపోయింది.

నన్ను పిలిచారు. ఏం చెప్పాలో వారం రోజులుగా అనుకుంటున్నాను. నేను లేచేలోపే అమ్మ లేచింది. మెట్లెక్కింది. ఎవరో సాయం పట్టబోతే చెయ్యి విదిలించింది. మైకును కిందికి వంచి మెడ దగ్గరికి తెచ్చుకుంది. మెడకు కట్టుకున్న తెల్లగుడ్డ తీసింది.

స్పీకర్లన్నిటిలో ఆమె ఊపిరి. లోపలికి, బయటికి. గరగరమని గాలి, అంతే. ముందు వరుసలో ఒకామె తన బిడ్డ కళ్ళు మూసింది.

కేశవ్ మొహం పాలిపోయింది. అతనికి అర్థమైందనుకున్నాను. నిజంగా అనుకున్నాను. అంతలో లేచి వచ్చి, వంగి, అమ్మ కాళ్ళు పట్టుకున్నాడు. ఫ్లాష్‌లు వెలిగాయి. జనం ఏడుస్తూ చప్పట్లు కొట్టారు. భక్తవత్సలంగారు సైగ చేస్తే ఎవరో ఆ పాట పెట్టారు.

అమ్మ నావైపు తిరిగి పెదవులు కదిపింది. నాకు మాత్రమే తెలుస్తుంది. నా పేరు చెప్పు, అంటోంది.

స్టేజి మీదికి పరుగెత్తి మైకు లాక్కుని లూర్దుమేరి అని అరిచాను. అప్పటికే మైకు ఆపేశారు. పాట నడుస్తోంది.

7 సెప్టెంబరు 1998

సినిమా పత్రికలో సగం పేజీ ఫోటో. మూగ అభిమానికి కేశవ్ పాదాభివందనం, అని కింద రాశారు.

జనని ఆఫీసుకు ఫోన్ చేసింది. మీ అమ్మ ఎంత అదృష్టవంతురాలే అంది. ఫోన్ పెట్టేశాను. ఇక దానితో మాట్లాడను.

19 నవంబరు 1998

సాయంత్రం అమ్మతో మార్కెట్‌కి వెళ్ళాను. క్యాసెట్ల కొట్లో ఆ పాట పెట్టారు. అమ్మ కొట్టువాడి ఎదురుగా వెళ్ళి నిలబడి, ఆపమని చెయ్యి ఊపింది.

వాడు నవ్వి, సౌండు పెంచాడు.